హిరణ్యకశిపుని ప్రశ్నలో రెండు ఐరనీలు

పోతన భాగవతంలో హిరణ్యకశిపుడు కొడుకును అడిగే చివరి ప్రశ్న తెలుగువారిలో చాలామందికి నోటికి వచ్చు. విష్ణువు అన్ని చోట్లా ఉన్నాడని ఇంత సంరంభంగా చెబుతున్నావు కదా, ‘ఈ స్తంభంబునఁ జూపఁగలవె చక్రిన్ గిక్రిన్’ అని ఆయన అడుగుతాడు. హనుమకొండలో ఇంటర్మీడియట్ పిల్లలకు తెలుగు చెప్పే నేను, ఐరనీ అంటే ఏమిటని ఎవరైనా అడిగినప్పుడు నిర్వచనం జోలికి పోకుండా ముందు ఈ పద్యం దగ్గరికే వెళ్తాను. ఎందుకంటే ఈ ఒక్క వాక్యంలో ఐరనీ రెండుసార్లు ఉంది. పైకి చూస్తే ఆ రెండింటికీ పోలికే కనిపించదు. అయినా రెండింటినీ మనం ఒకే పేరుతో పిలుస్తున్నాం.

మొదటిది ‘గిక్రిన్’ అన్న మాటలో ఉంది. పెళ్లి గిళ్లి, పుస్తకం గిస్తకం అని మనం రోజూ అనే జంటమాటల కోవలోనిదే ఇది. కొద్ది ముందే ప్రహ్లాదుడు ‘చక్రి సర్వోపగతుండు’ అన్నాడు. తండ్రి ఆ చక్రినే అందుకుని, దాని పక్కన అర్థంలేని ఒక శబ్దాన్ని చేర్చి, కొడుకు మాటను కొడుక్కే తిరిగి వినిపిస్తున్నాడు. ఆయన విష్ణువును తిట్టలేదు, లేడని కూడా అనలేదు. ఆ పేరును తన నోట పలుకుతూనే అది తన మాట కాదని, అలాంటి మాటను నమ్మేవాళ్లు పసివాళ్లేనని ఒక్క గకారంతో తేల్చేశాడు. 1981లో డాన్ స్పెర్బర్, డైడ్రి విల్సన్ అనే ఇద్దరు పండితులు ఐరనీ గురించి ఒక కొత్త వాదం ముందుకు తెచ్చారు. ఐరనీ అంటే ఉన్నదానికి విరుద్ధంగా చెప్పడం కాదనీ, ఇతరుల మాటనో ఆలోచననో ప్రతిధ్వనిస్తూ దానిపట్ల తన తిరస్కారాన్ని తెలియజేయడమనీ వారి వాదసారం. ఆ వాదానికి నాకు తెలిసినంతలో తెలుగులో ‘చక్రిన్ గిక్రిన్’ను మించిన ఉదాహరణ లేదు.

రెండవ ఐరనీ హిరణ్యకశిపునికి తెలియదు. ఆయన వెక్కిరింపుగా చూపించిన ఆ స్తంభంలోనే ఆయన మృత్యువు సిద్ధంగా ఉంది. గాలిలో, నేలమీద, నిప్పువల్ల, నీటివల్ల, రాత్రి, పగలు, ఇలా ఒక్కొక్కటీ లెక్కపెట్టి చావు రాకూడదని వరం అడిగినవాడు ఆయనే. ఏ ఒక్క దారీ మరిచిపోకూడదన్న జాగ్రత్తతో ఆయన పేర్చుకున్న షరతులే నరసింహుడు ఏ రూపంలో రావాలో, ఏ వేళ రావాలో, దేనితో చంపాలో నిర్ణయించాయి. ఆ వచ్చే చోటును కూడా చివరికి ఆయనే వేలు పెట్టి చూపించాడు. మొదటి ఐరనీని ప్రయోగించినవాడు రెండవ ఐరనీకి బలి అయ్యాడు. మొదటిది మాటలో ఉంది, రెండవది జరగబోయేదానిలో ఉంది. ఒకటి ఉద్దేశపూర్వకంగా పుట్టింది, రెండవదానిని ఆ సభలో ఎవరూ ఉద్దేశించలేదు. ఈ రెండింటికీ సరిపోయే ఒక్క వాక్యం రాయమంటే నిఘంటుకారుడు తడబడటంలో ఆశ్చర్యం లేదు.

తరతరాలుగా వస్తున్న నిర్వచనం ఒకటుంది. చెప్పినదానికి విరుద్ధమైనదాన్ని గ్రహించవలసి ఉంటే అది ఐరనీ అని మొదటి శతాబ్దపు రోమన్ అలంకారశాస్త్రవేత్త క్వింటిలియన్ చెప్పాడు. పాఠ్యపుస్తకాలు ఈనాటికీ కొంచెం అటూ ఇటూగా దీన్నే చెబుతున్నాయి. కానీ హిరణ్యకశిపుడు అడిగింది ప్రశ్న, ప్రశ్నకు విరుద్ధార్థం ఏముంటుంది? వానలో తడుస్తున్న పిల్లవాణ్ణి చూసి తల్లి ‘ఇంకా జరసేపు తడువు బిడ్డా, జరమొస్తే సూసుకునేతందుకు నేనున్న గద’ అంటే, అందులో చివరి మాట అక్షరాలా నిజం. జ్వరం వస్తే చూసుకునేది ఆమే. పోనీ విరుద్ధంగా చెప్పడమే లక్షణమనుకుంటే అబద్ధం కూడా ఐరనీ కావాలి. అబద్ధమాడేవాడు తన అసలు మాట ఎవరికీ దొరకకూడదని కోరుకుంటాడు. ఐరనీగా మాట్లాడేవాడు మాత్రం అది కనీసం ఒక్కరికైనా దొరకాలని కోరుకుంటాడు. ఈ తేడాను నిర్వచనంలోకి తేవాలంటే వాక్యాన్ని దాటి మనుషుల దగ్గరికి రాక తప్పదు.

జరిగే సంగతుల విషయంలో ఇంకొక నిర్వచనం చెబుతారు. అనుకున్నది ఒకటి, అయ్యింది ఒకటి అయితే ఐరనీ అంటారు. ఇది మరీ వదులైన నిర్వచనం. దీని కింద లోకంలోని దురదృష్టమంతా పట్టేస్తుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఆరుబయట పోసిన మిర్చి మీద అకాల వర్షం పడితే అది నష్టం, ఆ రైతుకు తగిలిన దెబ్బ. దాన్ని ఐరనీ అనడం సరికాదని నా అభిప్రాయం. అదే రైతు మొగులు చూసి భయపడి, కళ్లంలో ఉంటే పంట తడుస్తుందని, ఎక్కువ కిరాయికి బండి మాట్లాడుకుని రాత్రికి రాత్రి మార్కెట్‌కు చేరిస్తే, వాన ఊరిని వదిలేసి మార్కెట్ మీద కురిసిందనుకోండి. ఇప్పుడది ఐరనీ. తప్పించుకోవడానికి చేసిన పనే నేరుగా ఆపద దగ్గరికి తీసుకుపోయింది. నిరుడు మిర్చికి ధర బాగా పలికిందని చుట్టుపక్కల అందరూ మిర్చే వేసి, పంట విరగబండి, ఆ దిగుబడివల్లే ధర పడిపోవడం ఇంకా లోతైన ఐరనీ. అక్కడ ఏ ఒక్కరూ తెలివితక్కువ పని చేయలేదు. ఎవరికి వారు చేసిన సరైన ఆలోచనే అందరి నష్టానికీ కారణమైంది.

అయితే ఆ రైతు దీన్ని ఐరనీ అనడు. నా కర్మ అంటాడు, లేదా నోట మాట రాక ఊరుకుంటాడు. ఐరనీ అని పేరు పెట్టేది గట్టున ఉండి చూస్తున్న మనం. ఆ పేరు పెట్టడానికి మనకు రెండు సంగతులు ఒకేసారి కనిపించాలి. బండి మాట్లాడుకుంటున్నప్పుడు ఆ రైతుకున్న ఆశ ఒకటి, దాని ముగింపు మరొకటి. ఈ రెంటినీ ఒకే చూపులో చూడగలిగినవాడు లేనిచోట నష్టం ఉంటుంది, దుఃఖం ఉంటుంది, ఐరనీ ఉండదు. నేను నమ్మేది ఇదే: ఐరనీ వాక్యంలో ఉండదు, సంఘటనలోనూ ఉండదు, తెలిసినవారికీ తెలియనివారికీ మధ్య ఉంటుంది.

ఈ మాటకు మూలస్థానమైన గ్రీసులో కూడా అది మొదట మనిషి స్వభావానికే పేరు. ప్రాచీన గ్రీకు హాస్యనాటకాల్లో తనకు అన్నీ తెలుసునని డంబాలు పలికే పాత్ర ఒకటి, ఏమీ తెలియనట్టు నటిస్తూ అతని బండారం బయటపెట్టే పాత్ర ఒకటి ఉండేవి. ఈ రెండవ పాత్రకున్న పేరు నుంచే ఐరనీ పుట్టింది. ప్లేటో రాసిన సంభాషణల్లో త్రాసిమాకస్ అనేవాడు సోక్రటీసు మీద కోపంతో ఇది నీకు అలవాటైన నటనే కదా అని ఈ మాటనే వాడతాడు, అది అక్కడ దాదాపు నిందే. సోక్రటీసును అడ్డం పెట్టుకుని ఐరనీ మీద 1841లో డెన్మార్క్ తత్త్వవేత్త కీర్కెగార్డ్ ఒక సిద్ధాంత గ్రంథమే రాశాడు. నాటకంలో పాత్రకు తెలియనిది ప్రేక్షకునికి తెలిసి ఉండటాన్ని ఈ పేరుతో పిలవడం ఇంగ్లండులో బలపడింది కానప్ థర్ల్‌వాల్ 1833లో గ్రీకు నాటకకర్త సోఫోక్లీస్ మీద వ్యాసం రాసిన తరువాతే. అంటే మనిషి స్వభావానికి పెట్టిన పేరు మొదట మాటతీరుకు, తరువాత నాటక లక్షణానికి, ఆ తరువాత విధి చేష్టలకు ఒక్కొక్క అడుగే విస్తరించింది. ఏ దశలోని నిర్వచనమూ తరువాతి దశకు చాలలేదు.

మన ఆలంకారికులు ఐరనీ అనే ఒకే గొడుగు వేయలేదు. పొగడ్తలా కనిపించే నిందకు, నిందలా కనిపించే పొగడ్తకు వ్యాజస్తుతి అని పేరు పెట్టారు. మాటకు విరుద్ధార్థం తీసుకోవలసిన చోట విపరీత లక్షణ అన్నారు. దీనికి మమ్మటుడు కావ్యప్రకాశంలో ఇచ్చిన శ్లోకం ప్రసిద్ధమైనది. ‘ఉపకృతం బహు తత్ర కిముచ్యతే’ అని మొదలయ్యే ఆ శ్లోకంలో ఒకడు తన మిత్రునితో, నీవు ఎంతో ఉపకారం చేశావు, దాని గురించి చెప్పేదేముంది, నీ మంచితనమంతా వెల్లడి అయ్యింది, ఎప్పుడూ ఇలాగే చేస్తూ నూరేళ్లు సుఖంగా ఉండు అంటాడు. శ్లోకం అంతే. అందులో ఎక్కడా ఒక్క నిష్ఠూరపు మాట లేదు. దాని కింద మమ్మటుడు ఒక్క వాక్యం రాశాడు: ఇది అపకారం చేసినవానితో విపరీత లక్షణ ద్వారా ఒకడు అంటున్న మాట అని. ఆ ఒక్క వాక్యం చెరిపేసి చూడండి. శ్లోకం పెళ్లి పత్రిక మీద అచ్చు వేసుకోదగిన కృతజ్ఞతాపూర్వకమైన ఆశీర్వాదమైపోతుంది. ఐరనీ మొత్తం శ్లోకం బయట, ఎవరు ఎవరితో ఏం జరిగిన తరువాత అంటున్నారన్న దానిలో ఉంది.

ఈ సంగతి మమ్మటునికి బాగా తెలుసు. అదే గ్రంథంలో మరొకచోట, మాట నుంచి వేరొక అర్థం స్ఫురించడానికి దోహదం చేసేవాటిని ఆయన వరుసగా చెబుతాడు. మాట్లాడేవాడు ఎవరు, వినేవాడు ఎవరు, కంఠస్వరం, వాక్యం, దాని అర్థం, సందర్భం, చోటు, కాలం మొదలైనవి ఆ వరుసలో ఉన్నాయి. వాటి మధ్య ‘అన్యసన్నిధి’ అని ఒకటుంది. అంటే మాట్లాడేవాడు, వినేవాడు కాక మరొకరు అక్కడ ఉండటం. ఆ అర్థం అందేది కూడా ప్రతిభ ఉన్నవారికేనని అక్కడే అంటాడు. కాశ్మీరంలో 11వ శతాబ్దంలో కూర్చుని రాసిన ఆ ‘అన్యసన్నిధి’ ఐరనీ చర్చలో నాకు కనిపించిన అత్యంత విలువైన మాట. మిగిలిన నిర్వచనాలు మాట చుట్టూ తిరుగుతూ ఉండగా ఈ మాట పక్కన నిలబడి ఉన్న మూడవ మనిషిని లెక్కలోకి తీసుకుంది.

ఆ మూడవ మనిషి లేకుండా అర్థం కాని గాథ ఒకటి మన గోదావరి ఒడ్డు గురించే ఉంది. శాతవాహన ప్రభువు హాలుడు సంకలనం చేశాడని చెప్పే ప్రాకృత గాథాసప్తశతిలోనిది అది. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో దాన్ని ఉదాహరించడంతో తరువాతి శాస్త్రకారులందరూ దాని మీద వాదించుకున్నారు. ఒక స్త్రీ ఒక ధార్మికునితో, స్వామీ ఇక నిశ్చింతగా తిరగండి, మిమ్మల్ని భయపెట్టే ఆ కుక్కను గోదావరి ఒడ్డు పొదల్లో ఉంటున్న మదించిన సింహం ఈరోజు చంపేసింది అంటుంది. తిరగమంటున్నది, కానీ కుక్కకు భయపడేవాడు సింహం ఉన్నచోట తిరుగుతాడా? ఆ పొదలు ఆమె తన ప్రియుణ్ణి కలుసుకునే చోటు అని వ్యాఖ్యాతలు చెబుతారు. తొలి శాతవాహన రాజు సిముకుని నాణేలు దొరికిన కోటిలింగాల జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డునే ఉంది కనుక ఆ పొదలను ఊహించుకోవడానికి మనకు కష్టం లేదు.

ఈ గాథ ఐరనీయేనా అన్నది నిజంగా ఆలోచించవలసిన ప్రశ్న. విధిస్తున్నట్టు చెప్పి నిషేధిస్తున్నది కనుక విరుద్ధార్థం అన్న నిర్వచనానికి ఇది చక్కగా సరిపోతుంది. కానీ ధార్మికుని వైపు నుంచి చూస్తే ఇది ఒక హెచ్చరిక మాత్రమే, అతడు భయపడి వెళ్లిపోతాడు, తనకు తెలియకుండా ఏదో జరిగిందని అతనికి ఎప్పటికీ తెలియదు. అసలు విషయం తెలిసిన ప్రియుడు ఆ పక్కనే ఉండి వింటే, లేదా తెలిసి చదివే మనం ఉంటే, అప్పుడే ఆ శుభవార్తలోని ఐరనీ మేల్కొంటుంది. ఒకే వాక్యం ఒకరికి హెచ్చరిక, ఒకరికి అభయం, మనకు ఐరనీ. ఈ వాక్యాన్ని పట్టుకుని ఇది ఐరనీ అవునా కాదా అని తేల్చమంటే ఎవరికి అని ఎదురు ప్రశ్న వేయకుండా జవాబు చెప్పలేం.

పుస్తకాలు పక్కన పెట్టి ఒక పెళ్లి ఇంటి సంగతి చెబుతాను. వరంగల్‌లో మా దగ్గరి చుట్టాల ఇంటికి కొత్త కోడలు వచ్చిన రోజున, ఆమె తెచ్చిన సామాను నడింట్లో పెట్టి ఉండగా, ఆ ఇంటి పెద్దామె ఒకరు అందరి ముందూ ‘మీ తల్లిగారోళ్లు దండిగనే పెట్టిండ్రు బిడ్డా, పెట్టనీకె మాకు జాగ సాల్తలేదు’ అన్నది. ఆ అమ్మాయి పల్లెటూరి పిల్ల, తల్లిదండ్రులు తలకు మించిన అప్పుచేసి పెళ్లి చేశారని నాకు తరువాత తెలిసింది. ఆమె ముఖం వెలిగింది, తల వంచుకుని ‘మా నాయిన మంచిగ జూసి తెచ్చిండు పెద్దమ్మా’ అన్నది. పక్కన కూర్చున్న ఆడవాళ్లలో ఇద్దరు ముగ్గురు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒక మూల ఉన్న ఉక్కు బీరువా తలుపు సరిగ్గా పడక తెరుచుకునే ఉంది. వాళ్ల చూపులు దాని మీద నుంచి అమ్మాయి మీదికి, అమ్మాయి మీద నుంచి పెద్దామె మీదికి తిరుగుతున్నాయి.

ఆ మాట నేరుగా అని ఉంటే అది ఎత్తిపొడుపు. ఆ అమ్మాయి ఏడ్చేది, లేదా తిరిగి జవాబు చెప్పేది, ఏదైనా ఇద్దరి మధ్య తేలిపోయేది. పెద్దామె ఆ మాటను అమ్మాయి కోసం అనలేదు, కొంగులు అడ్డం పెట్టుకున్నవాళ్ల కోసం అన్నది. అమ్మాయికి అర్థం కాకపోవడమే ఆ మాటకు ప్రాణం, ఆమె సంతోషంతో తండ్రిని మెచ్చుకుంటూ ఇచ్చిన జవాబు ఆ మాటకు అందిన పరిపూర్ణత. ఐరనీ గురించి రాసేవాళ్లు దాని చమత్కారాన్ని, దాన్ని పట్టుకున్నవారి తెలివిని ఎంతో ఇష్టంగా వర్ణిస్తారు. దాన్ని పట్టుకోలేక మిగిలిపోయిన మనిషి గురించి మాత్రం వారి నిర్వచనాల్లో ఒక్క మాట ఉండదు. ఆ మనిషిని వదిలేసి చేసే నిర్వచనం అన్యాయమైనదని కూడా అంటాను. ఐరనీ ప్రతిసారీ వింటున్నవాళ్లను తెలిసినవాళ్లుగా, తెలియనివాళ్లుగా విడదీస్తుంది. తరగతిలో వెనుకబడిన పిల్లవాణ్ణి ‘మా సరస్వతీపుత్రుడు’ అని పిలిచే ఉపాధ్యాయుణ్ణి చూసినప్పుడు నాకు ఆ నడిల్లే జ్ఞాపకం వస్తుంది.

తెలిసినవాడు తెలియనివాడి పక్కనే ఉండాలని కూడా లేదు. వందల ఏళ్ల తరువాత రావచ్చు. ఓరుగల్లు కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడు ప్రతాపరుద్రీయం అనే అలంకారశాస్త్ర గ్రంథం రాశాడు. దానికి ప్రతాపరుద్ర యశోభూషణం అన్న పేరు కూడా ఉంది, ఎందుకంటే అలంకారాలకూ రసాలకూ గుణాలకూ ఆయన ఇచ్చిన ఉదాహరణ శ్లోకాలన్నీ ప్రతాపరుద్రుని కీర్తినే గానం చేస్తాయి. నాటక లక్షణాలు చెప్పవలసి వచ్చినప్పుడు ఆ రాజు మీదే అయిదంకాల నాటకం రాసి అందులో చేర్చాడు. ఆయన మాటల్లో ఎక్కడా రెండవ అర్థం లేదు, రాజు దిగ్విజయాన్ని మనసారా నమ్మి రాశాడు. 1323లో ఢిల్లీ సుల్తాను కుమారుడు ఉలుఘ్‌ఖాన్ ఓరుగల్లు కోటను పట్టుకున్నాడు. ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి తీసుకుపోతుండగా ఆయన దారిలో నర్మదా తీరంలో మరణించాడని ప్రోలయ నాయకుని విలస శాసనం చెబుతుంది. ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు మార్చారు.

ఆ తరువాత ఆ గ్రంథాన్ని తెరిచిన ఎవరికైనా ఆ శ్లోకాలు ముందులాగా వినిపించే అవకాశం లేదు. శత్రురాజుల భార్యల కన్నీళ్లను వర్ణించిన చోట, ఆ రాజు పరాక్రమానికి ఎదురులేదన్న చోట, మనకు నర్మదా తీరం కనిపిస్తుంది. ఒక్క అక్షరం మారలేదు. కవి ఉద్దేశం మారలేదు. రాసిన నాడు లేని ఐరనీ ఈనాడు ఉంది. దీన్ని ఎవరు పెట్టారు అంటే విద్యానాథుడు పెట్టలేదు, ఉలుఘ్‌ఖాన్‌కు ఆ పుస్తకం సంగతే అక్కరలేదు. మనం తెలిసినవాళ్లుగా ఆ శ్లోకాల దగ్గరికి వెళ్లడంతోనే అది పుట్టింది. వాక్యంలో ఉన్న గుణాన్ని నిర్వచించవచ్చు. ఆ వాక్యాన్ని ఇంకా చదవనివాడు, ఇంకా పుట్టనివాడు తనతో తెచ్చే దానికి నిర్వచనంలో చోటు ఎలా కేటాయిస్తాం?

కోటలో గుడి కూలిపోయి తోరణాలు మాత్రం నిలబడి ఉండటాన్ని చాలామంది ఐరనీ అంటారు. నేను ఒప్పుకోను. గుడి లేని ద్వారాలను చూస్తే బాధ కలుగుతుంది, కాలం చేసే పని తెలుస్తుంది, అంతవరకే. అక్కడ ఎవరి నమ్మకమూ తిరగబడలేదు.

తెలిసినవాడి మీద ఇంతగా ఆధారపడినది కనుకనే ఐరనీకి గుర్తు పెట్టాలన్న ప్రయత్నాలు ఫలించలేదు. 1899లో ఫ్రెంచి కవి ఆల్కాంటర్ ద బ్రామ్ తిరగేసిన ప్రశ్నార్థకంలా ఉండే ఒక విరామచిహ్నాన్ని దీనికోసం ప్రతిపాదించాడు. అది నిలబడలేదు. ఇది ఐరనీ సుమా అని చిహ్నం పెడితే అందరూ తెలిసినవాళ్లే అవుతారు, తెలియనివాడు ఒక్కడూ మిగలడు, మిగిలేది ఒక మామూలు విమర్శ. ఎవరూ చిహ్నం పెట్టకుండానే కొన్ని మాటలకు ఇదే గతి పట్టింది. ‘ఎంత ఘనకార్యం చేశావు’ అంటే ఈ రోజుల్లో పసిపిల్లలు కూడా పొరపాటున పొంగిపోరు. ‘గొప్పోనివి తియ్యి’ అన్న మాటలో చివరి ‘తియ్యి’ వినగానే మొదటి మాట విలువ ఎంతో అందరికీ తెలిసిపోతుంది. ఒకప్పుడు అవి ఐరనీలే అయి ఉండాలి, ఇప్పుడు అవి నిందకు స్థిరపడిన పేర్లు. కంఠస్వరం వినిపించని ఫోను సందేశాల్లో దీనికి తలకిందులుగా జరుగుతున్నది. కుటుంబ గ్రూపులో ఎవరో మనస్ఫూర్తిగా ‘చాలా గొప్ప పని చేశావు వదినా’ అని రాస్తే ఆమె దాన్ని ఎత్తిపొడుపుగా తీసుకుని నెలల తరబడి మాట్లాడకపోవడం మా ఇళ్లలో జరిగిందే. అన్న మనిషిలో లేని ఐరనీని విన్న మనిషి కల్పించుకున్నది. దాన్ని ఏమని పిలవాలో ఏ నిర్వచనమూ చెప్పదు.

తెలియడం, తెలియకపోవడం ఎంత ముఖ్యమో ఊళ్లలో చిందోళ్ల ఆట, అంటే చిందు యక్షగానం, చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ప్రహ్లాద చరిత్ర ఆడుతున్న రాత్రి, హిరణ్యకశిపుడు గద ఊపుతూ స్తంభం గురించి అడిగే ఘట్టం వచ్చినప్పుడు, మొదటిసారి చూస్తున్న చిన్నపిల్లలు రాజు వైపు చూస్తారు. ఆయన కిరీటం, మీసం, అరుపు వాళ్లను కట్టిపడేస్తాయి. ఏటేటా చూసిన ముసలివాళ్లు రాజును చూడరు, ముందే స్తంభం వైపు తిరిగి కూర్చుంటారు. ఆట ఒకటే, పాట ఒకటే. ఆ పిల్లలకు అది ఒక పెద్ద కోపిష్టి రాజు కథ. ఆ ముసలివాళ్లకు మాత్రమే ‘చక్రిన్ గిక్రిన్’లోని రెండవ ఐరనీ వినిపిస్తున్నది.

ఈ వాదనకు అన్నిటికన్నా గట్టి పరీక్ష భారతంలోని విరాట పర్వంలో ఉంది. ఉత్తర గోగ్రహణంలో కౌరవులు ఓడిపోయారన్న వార్త వచ్చినప్పుడు విరాటుడు కంకునితో పాచికలాడుతున్నాడు. తన కొడుకు ఉత్తరుడు భీష్మ ద్రోణ కర్ణులను గెలిచాడని ఆయన పొంగిపోతుంటే, కంకుని వేషంలో ఉన్న ధర్మరాజు బృహన్నల సారథిగా ఉండగా గెలవక ఏమవుతుందని అంటాడు. రాజు మళ్లీ కొడుకును పొగుడుతాడు, కంకుడు మళ్లీ అదే మాట అంటాడు. ఒక పేడివాణ్ణి నా కొడుకుతో సమానం చేస్తావా అని కోపం పట్టలేక రాజు పాచికతో కంకుని ముఖం మీద కొడతాడు, ముక్కు నుంచి రక్తం కారుతుంది. ఇక్కడ ధర్మరాజు వెక్కిరించలేదు. విరుద్ధార్థం లేదు, ప్రతిధ్వని లేదు, అన్న ప్రతి మాటా నిజం. ఆ నిజమే విన్నవానికి వెటకారంలా వినిపించింది.

మా కళాశాలలో ఈ ఘట్టం మీద సహోద్యోగి ఒకరితో నాకు ఎడతెగని వాదన ఉంది. ధర్మరాజు మాటలు ఐరనీ కావనీ, అజ్ఞాతవాసంలో ఉన్న మనిషి చెప్పగలిగినంత నిజం చెప్పాడనీ ఆయన అంటారు. చెప్పినవాని వైపు నుంచి అది నాకూ సమ్మతమే. ధర్మరాజు ఎవరో, బృహన్నల ఎవరో తెలిసిన ద్రౌపది మాలిని అన్న పేరుతో సైరంధ్రిగా ఆ ఇంట్లోనే ఉంది, రక్తం నేల మీద పడకుండా పాత్ర పట్టుకుని వచ్చినదీ ఆమే. ఆ మాటలను ఆమె వైపు నుంచి వినండి అని నేను ఆయనకు చెబుతుంటాను.